ఊఁ కొట్టని అమ్మ

"ఇంటి వాతావరణం సరిగా లేదు" అని పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టు మీద రాయబోతున్న కొత్త పంతుళ్లూ, పంతులమ్మలూ, జర ఆగండి. ముప్ఫై ఏళ్లకు పైగా సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి చెప్తున్నాను. ఆ వాక్యం నేను రాసినన్నిసార్లు మీలో ఎవరూ రాసి ఉండరు. రాసి ఊరుకున్నా బాగుండేది. ఒకసారి రాయడం చాలదనిపించి, ఒక ఇంటి వాతావరణాన్ని నేనే స్వయంగా బాగుచేయడానికి బయలుదేరాను. బాగుచేశాను కూడా. దాంతో బంగారంలాంటి పిల్ల సైన్సులో ఫెయిలైంది.

డెబ్బైల చివరి మాట ఇది. అంతకు ముందు నాలుగేళ్లు ములుగు దిక్కు అడవి పల్లెల్లో పనిచేశాను. అక్కడ ఒకే గది, ఒకే పంతులు, ఐదు తరగతులు. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో చూసుకునేసరికే సాయంత్రమయ్యేది. వరంగల్‌కు బదిలీ కాగానే నాకు కొమ్ములు మొలిచాయి. జంపఖానాలు నేసేవాళ్లు ఉండే వాడలో స్కూలు. ఏడో తరగతి దాకా ఉండేది. బి.ఎడ్.లో రాసుకున్న నోట్సు ఇంకా నా పెట్టెలోనే ఉంది. పిల్లలకు చదువు అలవాట్లు సరిగా ఉండాలి, ఇంట్లోవాళ్ల సహకారం ఉండాలి, ఈ రెండూ ఉంటే సైన్సు దానంతటదే వస్తుందని ఆ నోట్సులో ఉంది. నేను దాన్ని వేదంలా నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. కాకపోతే చదువు అలవాటంటే ఏమిటో, సహకారమంటే ఏమిటో నాకు తెలుసుననుకున్నాను చూడండి, అక్కడ పడింది దెబ్బ.

ఒక పొడుగు రిజిస్టరు కొని గళ్లు గీశాను. చదువుకోవడానికి వేరే చోటు ఉందా? ఒక వేళంటూ ఉందా? నిశ్శబ్దం ఉందా? ఇంట్లో చదువు చెప్పేవాళ్లు ఉన్నారా? పిల్లలతో పని చేయిస్తున్నారా? మంచి జవాబుకు ఒకటి, చెడ్డ జవాబుకు సున్నా. ఆదివారం వస్తే చాలు, సైకిలెక్కి పిల్లల ఇండ్లు తిరిగేవాణ్ణి. తెలుగు పండితుడొకాయన ఉండేవారు మా బడిలో, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నోట్లో ఎప్పుడూ వక్కపలుకు, మాటలో ఎప్పుడూ ఒక చురక.

"తమ్మీ, జనాభా లెక్కలకింక టైమున్నది గద. అప్పుడే తిరుగుతానవేంది?" అన్నారొకనాడు నా రిజిస్టరు చూసి.

"ఇది సైంటిఫిక్ పద్ధతి పంతులుగారూ."

"మంచిదే. మరి ఇండ్లను చూస్తానవా, పిల్లలను చూస్తానవా?"

నేను ముఖం గంటు పెట్టుకుని వెళ్లిపోయాను. అప్పట్లో నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఏడో తరగతిలో అరవై మందికి తక్కువ లేరు. పాఠం చెప్పి, "అర్థమైందా?" అని అడిగితే అరవై గొంతులూ ఒక్కసారే "అయ్యింది సార్!" అనేవి. ఆ కేక రోడ్డు దాకా వినబడేది. నాకు కడుపు నిండిపోయేది. అందులో ఒక పిల్ల మాత్రం ఆ కేకలో కలిసేది కాదు. రెండు జడలు పైకి మడిచి కట్టుకున్న బక్కపిల్ల. వేళ్ల గోళ్లకు ఎప్పుడూ ఏదో ఒక రంగు, ఒకరోజు నీలం, ఒకరోజు ఎరుపు. వాళ్ల ఇంట్లో నూలుకు రంగులద్దుతారు. అందరూ "అయ్యింది సార్" అన్నాక మెల్లగా లేచేది.

"సార్, గాలికి బరువున్నదన్నరు. మరి అది నెత్తి మీద ఉన్నట్టు మనకెందుకు తెల్వది?"

"పీడనం సమానంగా ఉంటుంది కాబట్టి. కూర్చో."

కూర్చునేది. కానీ ఆ ముఖంలో "అయ్యింది" కనబడేది కాదు. మర్నాడు వచ్చి అదే ప్రశ్నను ఇంకో దిక్కు నుంచి అడిగేది. నాకు కొంచెం చిరాకు, కొంచెం గర్వం. మూడు నెలల పరీక్షలో సైన్సులో ఆ పిల్లే ఫస్టు. జవాబులు పుస్తకంలో ఉన్నట్టు లేవు, కానీ ఒక్కటీ తప్పు లేదు. మొక్క నీళ్లు పైకి ఎలా తాగుతుందని అడిగితే, దీపంలో వత్తి నూనె తాగినట్టని రాసింది. స్టాఫ్ రూములో ఆ పేపరు అందరికీ చూపించి, నా బోధన ఫలితం చూడండన్నాను. ఇంట్లో నాలుగు సదుపాయాలుంటే ఈ పిల్ల జిల్లాకే ఫస్టు వస్తుందని కూడా అన్నాను.

ఆ ఆదివారమే వాళ్ల ఇంటికి పోయాను.

ముందు గదంతా మగ్గమే. వెడల్పు జంపఖానా నేయాలంటే ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. కాళ్లు గుంటలో, చేతులు పోగుల మీద. చెరో సగం నేస్తూ మధ్యలో ఒకరి పోగు ఒకరికి అందిస్తూ పోవాలి. అల్లిన ప్రతి వరసనూ ఇనుప పంజాతో దడదడ కొట్టి బిగించాలి. ఆ మగ్గం మీద ఒక పక్క తల్లి, ఇంకో పక్క నా ఫస్టు ర్యాంకు పిల్ల! చేతులు ఆడుతున్నాయి, నోరూ ఆడుతోంది. పిల్ల ఏదో చెబుతోంది, తల్లి ఏదో అడుగుతోంది, మధ్యలో దడదడ. పక్క గదిలో రంగుల కుండలు, ఆ ఘాటు. పుస్తకం ఎక్కడుందని చూస్తే నూలు చిలపల కుప్ప మీద బోర్లా పడి ఉంది.

రిజిస్టరు తీసి వరసగా సున్నాలు పెట్టాను. ఆ రోజు దాకా ఏ ఇంటికీ అన్ని సున్నాలు పెట్టలేదు.

తండ్రి రంగు చేతులు తుడుచుకుంటూ వచ్చి నులకమంచం వాల్చాడు. నెమ్మదైన మనిషి. నేను మాత్రం నెమ్మదిగా లేను. పిల్లను మగ్గం మీద కూర్చోబెట్టడమేమిటి, ఈ చప్పుడులో చదువెట్లా వస్తుంది, మీరు మీ బిడ్డ బతుకు పాడుచేస్తున్నారని కడిగేశాను. అతడు తల దించుకుని విన్నాడు.

"సారు, మగ్గం కాడ ఇద్దరుండాలె. పిల్లను లేపితే నేను కూసోవాలె. మరి అద్దకం పనెవరు జెయ్యాలె?"

"అది మీరు చూసుకోవాలి. పిల్లకు వేరే చోటు, పొద్దున ఒక గంట, సాయంత్రం రెండు గంటలు, చీమ చిటుక్కుమనకూడదు. అట్లా చేయండి, ఏడో తరగతి కామన్ పరీక్షలో ఎట్లా వస్తుందో చూడండి. పూచీ నాది."

అతడు ఒకసారి మగ్గం దిక్కు, ఒకసారి పిల్ల దిక్కు చూశాడు. "సరే సారు. మీ మాట మీద లేపుతాన. సైన్సు, లెక్కలు మంచిగ పాసైతే పై సదువు సంగతి అప్పుడు సూద్దాం. కాకపోతే మాత్రం మల్ల నా ఇంటికొచ్చి అడుగొద్దు. పిల్ల మగ్గం మీదనే."

"కాకపోవడమా!" అని నవ్వాను.

తల్లి పంజా ఆపి నా దిక్కు చూసింది. "మాట్లాడొద్దా సారు, అది సదువుకునేటప్పుడు?"

"అస్సలు మాట్లాడొద్దమ్మా."

"జర కూడ?"

"జర కూడా వద్దు."

ఆమె పంజా పక్కన పెట్టింది. పిల్ల మగ్గం గుంటలోంచి లేచి నిలబడింది. సంతోషపడుతుందనుకున్నాను. ఆ పిల్ల ముఖం సంతోషంగా ఏమీ లేదు. సిగ్గుపడుతోందనుకుని సైకిలెక్కాను.

మన దగ్గర ఒక గుణముంది. సారు చెప్పాడంటే దేవుడు చెప్పినట్టే. సగం చేసి ఊరుకోరు. ఆ ఇంటివాళ్లు లోపలి గదిలో బియ్యం బస్తాలు జరిపి, ఎక్కడి నుంచో ఒక మేజాబల్ల అడిగి తెచ్చి వేశారట. పిల్ల పుస్తకం పట్టిందంటే మగ్గం బంద్. తల్లిదండ్రులు సైగలతో మాట్లాడుకునేవారట. వాకిట్లో ఆడుకునే పిల్లలను తండ్రి తరిమేవాడట. పక్కింటి కోడిపుంజును కూడా గంప కింద మూసేశారని విని పండితుడుగారు పడీపడీ నవ్వారు. నేను మాత్రం రిజిస్టరులో ఆ ఇంటి సున్నాలన్నీ కొట్టేసి ఒకట్లు వేశాను. ఒక్క గడి మిగిలింది, చదువు చెప్పేవాళ్లు ఉన్నారా అన్నది. దానికి నేనేం చేయగలను, తల్లికీ తండ్రికీ అక్షరం ముక్క రాదాయె.

ఆ తర్వాత క్లాసులో ఒక మార్పు వచ్చింది. "అర్థమైందా?" అంటే ఆ పిల్ల కూడా అందరితోపాటు "అయ్యింది సార్" అనడం మొదలుపెట్టింది. ప్రశ్నలు ఆగిపోయాయి. నేను సంతోషించాను! నిశ్శబ్దంగా చదువుకుంటోంది, అన్నీ అర్థమవుతున్నాయనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అర్ధ సంవత్సరం పరీక్షలు వచ్చాయి. సైన్సు పేపర్లు దిద్దుతున్నాను. ఆ పిల్ల పేపరు వచ్చింది. మొదటి జవాబు పుస్తకంలో ఉన్న వాక్యం, అక్షరం పొల్లు పోకుండా. రెండోదీ అంతే, కానీ సగంలో ఆగింది. మూడోది ఒక పాఠంలో మొదలై ఇంకో పాఠంలోకి దూకింది. నాలుగోది రాసి కొట్టేసి, మళ్లీ రాసి కొట్టేసింది. వత్తీ లేదు, నూనే లేదు. రెండుసార్లు కూడి చూశాను, పాసు మార్కుకు రెండు తక్కువ.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదా? పిల్ల మీదే. అందరి ముందూ నిలబెట్టి, మీ అమ్మానాన్న నీ కోసం మగ్గం ఆపుకుంటే నువ్వు చేసేది ఇదా, అన్నాను. బల్ల మీద నిద్రపోతున్నావా అన్నాను. ఆ పిల్ల ఏడవలేదు. అట్లాగే నిలబడి గోళ్లు చూసుకుంది. ఆ గోళ్లకు అప్పుడు రంగు లేదు.

రెండు రోజులకు తండ్రి బడికి వచ్చాడు. తిట్టినా బాగుండేది, అరిచినా బాగుండేది. చెప్పులు గడప బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారు, మీరు చెప్పినట్టే చేసినం. ఇంక ఏమన్న మిగిలిందా? ఉంటే చెప్పుండ్రి, అది కూడ చేస్తం."

నేను కుర్చీ చూపించాను, కూర్చోలేదు. అతడే మళ్లీ అన్నాడు. "పిల్ల అన్నం సరిగ తింటలేదు. ఆ లోపలి అర్రలకు పొమ్మంటే బుగులు పడుతాంది. కామన్ పరీక్ష దాక ఆగుత సారు, మాటిచ్చిన గద. ఆ తర్వాత ఇగ మగ్గమే."

అతడు వెళ్లాక స్టాఫ్ రూములో తల పట్టుకుని కూర్చున్నాను. పండితుడుగారు పక్కకు వచ్చి కూర్చుని వక్క నములుతూ అన్నారు, "కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటరు గద, గిదే."

"ఎక్కడ తప్పు జరిగిందో తెలియడం లేదు పంతులుగారూ. అన్నీ సరిచేశాను."

"ఆ పిల్లను అడిగినవా?"

"ఏమని?"

"అరే! నువ్వెట్ల సదువుతవ్ బిడ్డా అని."

నేను రిజిస్టరు తీసి చూశాను. ఐదు ప్రశ్నలూ తల్లిదండ్రులకే. పిల్లలను అడిగే గడి ఒక్కటీ లేదు. ఇంత పొడుగు రిజిస్టరులో ఆ ఒక్క గడికి నాకు చోటు దొరకలేదు.

ఆ సాయంత్రం బెల్లు కొట్టాక ఆ పిల్లను పిలిచాను. పండితుడుగారు కూడా పక్కనే ఉన్నారు. ఆయనుంటే పిల్లలకు భయం ఉండదు. ముందు తిట్టినందుకు తప్పయిందన్నాను. అది విని ఆ పిల్ల ఇంకా భయపడింది. చివరికి పండితుడుగారు బుజ్జగిస్తే అసలు సంగతి బయటపడింది.

"లోపలి అర్రల ఎవరూ ఊఁ కొడతలేరు సార్."

"అంటే?"

"మగ్గం మీద ఉన్నప్పుడు అమ్మకు పాఠం చెప్తుంటి. అమ్మ ఊఁ కొట్టేది. అర్థం కాకపోతే ఊఁ కొట్టది. ఊఁ కొట్టకపోతే ముందుకు పోవద్దు. మల్ల చెప్పాలె. ఇంకో తీర్ల చెప్పాలె. అయినా కొట్టకపోతే రేపు మిమ్ముల అడిగి చెప్తననేదాన్ని."

కథ చెప్పేటప్పుడు ఊఁ కొట్టడం మనకు కొత్తదా? కానీ మగ్గం మీద అది ఇంకా గట్టి పట్టింపట. ఇద్దరి చేతులు ఒక్క లయలో పోవాలి కాబట్టి ఒకరు చెబుతుంటే ఒకరు ఊఁ అనాలి. ఊఁ ఆగిందంటే కథ ఆగాలి. ఈ పిల్ల రెండో తరగతి నుంచీ తన పాఠాలన్నీ ఆ తల్లికి అట్లా చెబుతూ వచ్చింది. అక్షరం రాని ఆ తల్లి ఐదేళ్లుగా ఒక్క దొంగ ఊఁ కొట్టలేదు. క్లాసులో నన్ను వేధించిన ప్రశ్నలన్నీ పిల్లవి కావు, తల్లివి! నేను రోజూ అరవై దొంగ ఊఁలు విని కడుపు నింపుకుంటున్నాను, ఆ మహాతల్లి నోరు మూయించి వచ్చాను.

నా మనసంతా ఆగమాగమైంది. పండితుడుగారు మొదటిసారి నన్ను ఎగతాళి చేయలేదు. భుజం మీద చెయ్యేసి, "ఆదివారం పో తమ్మీ. ఈసారి రిజిస్టరు లేకుంట పో" అన్నారంతే.

ఆదివారం పోయాను. మగ్గం మీద ఆలుమగలిద్దరూ ఉన్నారు. మాట లేదు, పలుకు లేదు. పంజా చప్పుడు కూడా భయంభయంగా ఉంది. నన్ను చూసి తండ్రి లేవబోయాడు. వద్దని, మగ్గం గుంట పక్కనే నేల మీద కూర్చున్నాను.

"తప్పు నాదే. మీది కాదు, పిల్లది కాదు. మీ ఇంట్లో మంచి బడి నడుస్తుంటే తెలియక మూసేశాను" అన్నాను. ఆ మాట అనేసరికి నాకు కళ్లనీళ్లు వచ్చాయి. దాచుకోలేదు.

వాళ్లకు ఏం చేయాలో తోచలేదు. సారు ఏడిస్తే ఏం చేయాలో ఎవరికి తెలుసు! తండ్రి మంచినీళ్లు తెచ్చాడు. తల్లి మాత్రం తేరుకుని, ఒక నవ్వు నవ్వి, "అయితే ఆ గాలి పాఠం చెప్పుండ్రి సారు. మూడు నెలలాయె, ఆడనే ఆగిపాయె" అంది.

సరేనని మొదలుపెట్టాను. ఐదేళ్ల సర్వీసు దగ్గర పడుతున్నవాణ్ణి, గాలి పీడనం నాకో లెక్కా! గ్లాసు నిండా నీళ్లు పోసి, పోస్టుకార్డు మూసి తలకిందులు చేస్తే నీళ్లు పడవు. ఎందుకంటే గాలి కింది నుంచి కార్డును పైకి నెడుతుంది కాబట్టి. ఇంత చెప్పి ఆగాను.

ఆమె చేతులు పోగుల మీద ఆడుతున్నాయి. నోటి నుంచి ఊఁ రాలేదు.

మళ్లీ చెప్పాను, ఈసారి కొంచెం గట్టిగా. ఊహూఁ, రాలేదు.

"గాలికి బరువున్నదంటిరి. బరువున్నది కిందికి గద సారు నూకేది? మీదికెట్ల నూకుతది?"

"గాలి అన్ని వైపులకూ నెడుతుందమ్మా."

"ఎందుకు?"

నేను నోరు తెరిచాను. పుస్తకంలో "అన్ని దిక్కులా సమానంగా పనిచేస్తుంది" అని ఉంది. పరీక్షలో అది రాస్తే మార్కులిస్తారు. నేనూ అట్లా రాసే పాసయ్యాను, అట్లా చెప్పే జీతం తీసుకుంటున్నాను. ఎందుకని నన్ను అడిగినవాళ్లు ఆ రోజు దాకా లేరు.

"అమ్మా, నాకే సరిగ్గా తెలియదు" అన్నాను.

గుమ్మంలో నిలబడి చూస్తున్న పిల్ల అప్పుడు లోపలికి వచ్చింది. మూలనున్న దూది బస్తా, వాళ్ల మాటలో బోరెం, చూపించింది. "అమ్మా, దీని మీద నేను కూసుంటే ఏమైతది?"

"అణుగుతది."

"అణిగి ఎటు పోతది?"

"పక్కలకు ఉబ్బుతది."

"గాలి గూడ గంతే. మీదున్న గాలంత కిందున్న గాలి మీద కూసున్నది. కిందిది అణిగి అన్ని దిక్కులకు ఉబ్బుతాంది. పక్కలకు నూకుతది, సందు దొరికితే మీదికి గూడ నూకుతది."

తల్లి చేతులు ఆగాయి. బోరెం దిక్కు చూసింది, పిల్ల దిక్కు చూసింది.

"ఊఁ" అంది.

ఆ ఊఁ విని నాకు నా బి.ఎడ్. పట్టా అప్పుడే చేతికి వచ్చినంత సంతోషమైంది. పట్టా నాది కాదనుకోండి. ఆ వెంటనే పిల్ల గ్లాసు, పోస్టుకార్డు తెచ్చి చేసి చూపించింది. మొదటిసారి నీళ్లన్నీ తండ్రి కాళ్ల మీద పడ్డాయి. రెండోసారి నిలిచాయి. తండ్రి కార్డు కిందికి వంగి చూసి, "ఔరా!" అన్నాడు. ఆ ఇంట్లో మూడు నెలల తర్వాత పెద్దగా నవ్వులు వినబడ్డాయి.

మీరు పొరపాటు పడకండి. పిల్లలను మగ్గం మీద కూర్చోబెట్టమని నేను చెప్పడం లేదు. ఆ విషయంలో నేను ఒక్క మెట్టూ దిగలేదు. మగ్గం మీద ఆలుమగలే కూర్చోవాలి, పిల్ల పోగు ముట్టకూడదు, పక్కన కూర్చుని పాఠం మాత్రం చెప్పాలి. తండ్రి ఒప్పుకున్నాడు. అద్దకం పని పొద్దున్నే ముగించుకునేవాడు. నేను సగం సరిగ్గానే చెప్పానని, మిగతా సగంతోనే కొంప ముంచానని ఇప్పుడు అనిపిస్తుంది. మేజాబల్ల ఎవరిది వాళ్లకు పోయింది. కోడిపుంజుకు స్వేచ్ఛ వచ్చింది.

వారం తర్వాత పిల్లను అడిగాను, మీ నాన్న కూడా ఊఁ కొడుతున్నాడా అని.

"కొడతడు సార్. కానీ ఆయన అన్నిటికీ కొడతడు. ఆయన ఊఁ చెల్లదు" అంది.

నేను క్లాసులో కూడా ఒక పని చేశాను. "అర్థమైందా" అనే మాట మానేశాను. పిల్లలను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ఒకరు చెప్పాలి, అర్థమైతేనే రెండోవాళ్లు ఊఁ కొట్టాలన్నాను. ఆ గోలకు హెడ్మాస్టరుగారు పరుగెత్తుకొచ్చి, "ఏందయ్యా ఇది, బడా అంగడా?" అన్నారు. పక్క క్లాసు నుంచి పండితుడుగారు తల బయటపెట్టి, "అంగడే సార్, సరుకు మంచిది" అన్నారు. అంతా సాఫీగా సాగిందని మాత్రం చెప్పను. రేగుపండ్లకు ఊఁలు అమ్ముకున్న ఘనులున్నారు. ఊఁ కొట్టలేదని జుట్లు పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అయినా ఏ పిల్లకు ఏ పాఠం ఎక్కడ ఆగిందో నాకు మొదటిసారి తెలిసింది. చాలా పాఠాలు నా దగ్గరే ఆగాయని కూడా తెలిసింది. ఇంటికి పోయి మళ్లీ చదువుకున్నాను.

కామన్ పరీక్ష ఎండాకాలం మొదట్లో జరిగింది. ఫలితాలు వచ్చిన రోజు, లిస్టులో ఆ పిల్ల నంబరు చూసేదాకా నాకు కాళ్లు నిలవలేదు. పాసైంది. సైన్సులో మా బడిలో ఫస్టు. పండితుడుగారూ నేనూ కలిసి వాళ్లింటికి పోయాం.

తండ్రి సంతోషించాడు. బెల్లం పెట్టాడు. కానీ పై చదువు మాటెత్తగానే తల అడ్డంగా ఊపాడు.

"మాటంటే మాటే సారు, పిల్ల పాసైంది, మీ పూచీ తీరింది. సూద్దామన్న, సూసిన. హైస్కూలు దూరం. పిల్ల ఎదుగుతాంది. ఏడు సదివింది, మా ఇండ్లల్ల ఇదే ఎక్కువ. ఇగ చాలు."

ఇంత జరిగాక ఇదా! నేను మార్కులు చెప్పాను, ప్రభుత్వం ఇచ్చే సదుపాయాలు చెప్పాను, మంచి ఉద్యోగం వస్తుందన్నాను. పండితుడుగారు శ్లోకాలు కూడా చదివారు. అతడు అన్నిటికీ తల ఊపాడు, మెత్తబడలేదు. నెమ్మదైన మనుషులను కదిలించడం ఎంత కష్టమో మీకు తెలుసు కదా. పిల్ల గోడకానుకుని నేల చూపులు చూస్తోంది. ఇక లాభం లేదని నేను చెప్పుల దిక్కు చూశాను.

అప్పుడు తల్లి మగ్గం మీది నుంచి లేచింది. పంజా పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, లోపలికి పోయి పిల్ల సైన్సు పుస్తకం తెచ్చింది. ఆఖరి పేజీ తీసింది. అక్షరాలు రావు, కానీ ఆ పేజీ ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఆ పేజీ మొగుడి ముందు పెట్టి వేలితో చూపించింది.

"గుండె నెత్తుర్ని పైకి కిందికి నూకుతదని చెప్పిండ్రు. ఎవరూ చెప్పకుంటనే అది ఎట్ల కొట్టుకుంటదంటే, పై తరగతిల చెప్తమని ఈడ రాసిండ్రట. ఇట్ల ప్రతి పాఠం కింద రాసిండ్రు. ఐదేండ్లు ఇన్న నేను. ఇప్పుడు సగంల లేపుతానవ్. నేనొప్ప. నాకు ఎనిమిదో తరగతి కావాలె."

తండ్రి ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"నీకా, పిల్లకా?" అన్నాడు చివరికి.

"ఇద్దరికి."

అతడు వంగి ఆ పేజీ చూశాడు. అతడికీ అక్షరాలు రావు. తర్వాత పుస్తకం మూసి పిల్ల చేతికిచ్చి, "బడి తెరవంగనే మీ అమ్మను తోలుకొని పో" అన్నాడు.

ఆ పిల్ల తర్వాత ఏం చదివింది, ఏమైంది అని మీరు అడుగుతారు. అది ఆమె చెప్పుకోవలసిన కథ, నేను చెబితే గొప్ప నాకు వస్తుంది. బాగుంది, అంతవరకు చెప్పగలను. నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నది మాత్రం జూన్ నెలలో ఆ మొదటి రోజు. హైస్కూల్లో చేర్పించడానికి నేను కూడా వెంట పోయాను. తల్లి ఉతికిన చీర కట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చింది. బడి లోపలికి రావడం ఆమెకు అదే మొదటిసారి. నేను అడ్మిషన్ కాగితం నింపి గుమాస్తాకు ఇచ్చాను. ఆయన ముద్ర వేసి, అయిపోయింది, ఇక పోవచ్చన్నాడు.

ఆమె కదల్లేదు. బల్ల మీదికి కొంచెం వంగి ఆయనను అడిగింది.

"సైన్సు పుస్తకం ఇయ్యాల్నే ఇస్తరా సారు?"